ఆకలి కాదు, పాలు

1933 మే 12న పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులర్ జైలులో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష ప్రారంభించారు. (ఈ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) వారి కోర్కెలు గొంతెమ్మ కోర్కెలేమీ కావు. నోట పెట్టుకోదగిన తిండి, రాత్రిపూట కొట్లో దీపం, చదువుకోవడానికి పుస్తకాలు, పత్రికలు. ఆరో రోజున, అంటే మే 17న, మహావీర్ సింగ్ మరణించాడు. లాహోర్ కుట్ర కేసులో భగత్ సింగ్‌తో పాటు విచారణకు నిలబడి, ద్వీపాంతరవాస శిక్ష పొందిన యువకుడాయన. అప్పటికి 28 ఏళ్లు. మే 26న మోహన్ కిశోర్ నామదాస్, 28న మోహిత్ మైత్ర కన్నుమూశారు. వీరిద్దరూ బెంగాల్ విప్లవకారులు. మృతదేహాలకు రాళ్లు కట్టి సముద్రంలో పడవేశారని తోటి ఖైదీలు చెప్పారు. మిగిలినవారి దీక్ష 46 రోజులు సాగి జూన్ 26న ముగిసింది.

ఈ ముగ్గురూ నిరాహారదీక్షలో అమరులయ్యారని చదువుకున్నాం. అది నిజమే. కాని ఆ వాక్యం చదివినవారు సాధారణంగా ఆకలికి తాళలేక చనిపోయారని అనుకుంటారు. శరీరశాస్త్రం కొద్దిగా తెలిసినవారు ఆ తేదీలు చూస్తే ఆగిపోతారు. ఆరు రోజులు తిండి లేకపోతే ఆరోగ్యవంతుడైన 28 ఏళ్ల యువకుడు చనిపోతాడా? లెక్క వేసి చూద్దాం.

శరీరంలో నిలవ ఎంత?

మనం తినడం మానేసిన వెంటనే శరీరం మొదట కాలేయంలోని గ్లైకోజెన్‌ను ఖర్చు పెడుతుంది. అది సుమారు 100 గ్రాములే. ఒక రోజుకు మించి రాదు. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజును కోరుతుంది. అందువల్ల రెండో రోజు నుంచి శరీరం కండరాల్లోని మాంసకృత్తులను కరిగించి, వాటి నుంచి గ్లూకోజు తయారు చేసుకుంటుంది. రోజుకు సుమారు 75 గ్రాముల మాంసకృత్తులు ఇలా పోతాయి. ఇదే వేగంతో సాగితే మూడు నాలుగు వారాల్లో శ్వాస కండరాలు సైతం చచ్చుబడాలి.

కాని అలా జరగదు. కాలేయం కొవ్వును కీటోన్ పదార్థాలుగా మారుస్తుంది, మెదడు క్రమంగా వాటికి అలవాటు పడుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో జార్జి కాహిల్ బృందం 1960లలో ఈ సంగతి నిరూపించింది. వారాల తరబడి ఉపవాసమున్న స్థూలకాయుల మెదడు తన ఇంధనంలో ఎక్కువ భాగాన్ని కీటోన్ల నుంచే తీసుకోవడం వారు కొలిచి చూశారు. కండరాల నష్టం అప్పటికి రోజుకు 20 గ్రాముల మాంసకృత్తుల స్థాయికి పడిపోతుంది. ఇక కొవ్వు సంగతి. ఒంట్లో 10 కిలోల కొవ్వు ఉందనుకోండి. గ్రాముకు 9 కేలరీల చొప్పున 90,000 కేలరీలు. ఉపవాసి రోజుకు 1,500 కేలరీలు ఖర్చు చేస్తే అరవై రోజులకు సరిపోతుంది.

ఈ లెక్కకు చరిత్రలో సాక్ష్యాలున్నాయి. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష పట్టి డిసెంబరు 15న, 58వ రోజున మరణించారు. లాహోర్ జైలులో జతీన్ దాస్ 1929లో 63వ రోజున మరణించాడు. అన్నిటికంటె ఆశ్చర్యమైన పోలిక మరొకటుంది. సరిగ్గా ఆ 1933 మే నెలలోనే గాంధీజీ 21 రోజుల ఉపవాసం చేశారు. 8న మొదలుపెట్టి 29న విరమించారు. ఆయనకు అప్పుడు 63 ఏళ్లు. ఆ పెద్దాయన నీళ్లతో 21 రోజులు గడిపి బతికారు. అండమాన్‌లో ముగ్గురు యువకులు ఆరో రోజున, పదిహేనో రోజున, పదిహేడో రోజున మరణించారు.

కాబట్టి వారిని చంపింది ఆకలి కాదు. ఆహారం.

దారి తప్పిన గొట్టం

జైలు అధికారులు ఖైదీలను పలువురితో అదిమి పట్టించి, ముక్కులోంచి రబ్బరు గొట్టం దూర్చి పాలు పోయించారు. ముక్కు నుంచి కడుపులోకి వెళ్లే దారి గొంతులో వాయునాళం ద్వారం పక్కనుంచే పోతుంది. మనం మింగేటప్పుడు మాత్రమే ఉపజిహ్విక అనే చిన్న మూత వాయునాళాన్ని కప్పుతుంది, స్వరతంత్రులు దగ్గరకు వస్తాయి. అందుకే ఈనాడు నర్సు గొట్టం వేసేటప్పుడు రోగిని కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, "మింగండి, మింగండి" అంటుంది. పెనుగులాడే మనిషి మింగడు. అరుస్తాడు, రొప్పుతాడు. ఆ క్షణంలో వాయునాళం పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. గొట్టం అటే జారుతుంది.

తరువాత పోసే పాలు ఊపిరితిత్తుల్లోని వాయుగోణులను నింపుతాయి. ప్రాణవాయువు రక్తంలోకి చేరదు. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు అక్కడ వాపు పుట్టిస్తాయి, సూక్ష్మజీవులు పెరుగుతాయి, న్యుమోనియా వస్తుంది. పెనిసిలిన్‌ను 1928లోనే కనుగొన్నా మందుగా అందింది 1940లలో. 1933లో అలాంటి న్యుమోనియాకు దాదాపు చికిత్స లేదు. మహావీర్ సింగ్ ఊపిరితిత్తుల్లోకి పాలు వెళ్లాయి. మిగతా ఇద్దరూ బలవంతపు ఆహారం తరువాత న్యుమోనియాతో మరణించారు. జతీన్ దాస్‌కు కూడా ఇలా పోయబోతేనే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆ లాహోర్ దీక్షలో మహావీర్ సింగ్ కూడా ఉన్నాడు. అంటే గొట్టం ఏం చేయగలదో ఆయనకు ముందే తెలుసు.

స్పృహలో ఉండి, ఆలోచించి ఆహారం నిరాకరించిన ఖైదీకి వైద్యుడు బలవంతంగా తినిపించరాదని ప్రపంచ వైద్య సంఘం 1975లో టోక్యో ప్రకటనలో చెప్పింది. సెల్యులర్ జైలు మరణాలకు అది 42 ఏళ్ల తరువాతి మాట.

ఉపవాసి వేరు, రోగి వేరు

మహావీర్ సింగ్ జైలులో ఉన్న కాలంలోనే, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త ఎముకలు విరిగిన రోగుల మూత్రంలో నత్రజనిని కొలుస్తున్నాడు. నత్రజని పోతున్నదంటే మాంసకృత్తులు కరుగుతున్నాయని అర్థం. విరిగింది కాలి ఎముక. కాని కరుగుతున్నది ఒళ్లంతా ఉన్న కండ. 1930, 1932 సంవత్సరాల్లో ఆయన ప్రచురించిన ఈ ఫలితాలే నేటి ఇంటెన్సివ్ కేర్ పోషణశాస్త్రానికి పునాది.

ఉపవాసిలో శరీరం పొదుపు నేర్చుకుంటుందని చూశాం. పెద్ద గాయం, కాలిన పుండ్లు, రక్తంలో చేరిన సూక్ష్మజీవులు ఉన్న రోగిలో ఆ పొదుపు కుదరదు. అడ్రినలిన్, కార్టిసోల్ వంటి హార్మోన్లు ఎడతెగకుండా కండను కరిగిస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు, రక్తంలో చక్కెర పెరుగుతుంది. బీరువా నిండా కొవ్వు ఉండగా ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టుంటుంది వ్యవహారం.

అలాగని ఎక్కువగా పెడితే సరిపోతుందా? రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కృశించిన బందీలకు ఒక్కసారిగా కడుపునిండా పెడితే కొందరు ప్రాణాలు కోల్పోవడం వైద్యులు చూశారు. కారణం తరువాత తెలిసింది. ఆహారం అందగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటును, పొటాషియంను కణాల్లోకి లాగేస్తుంది. ఫాస్ఫేటు లేనిదే ఏటీపీ తయారుకాదు. ఏటీపీ లేనిదే గుండె కొట్టుకోదు, ఊపిరి ఆడదు. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ పరీక్షను ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాలపాటు వాడాయి. 1929లో కండరంలో ఏటీపీని గుర్తించినవారిలోనూ ఆయన ఉన్నారు.

అదే ప్రాంగణంలో

సెల్యులర్ జైలుకు మొదట ఏడు విభాగాలుండేవి. నేడు మిగిలినవి మూడు. అవి 1979 నుంచి జాతీయ స్మారకం. కూలిపోయిన విభాగాలున్న ఆ ప్రాంగణంలోనే 1963లో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వెలిసింది. ఇప్పుడది దీవుల వైద్య కళాశాలకు అనుబంధ ఆసుపత్రి.

ఏ ఇంటెన్సివ్ కేర్ విభాగంలోనైనా ముక్కు గొట్టం కనిపిస్తుంది. తేడా దాని చుట్టూ ఉన్న జాగ్రత్తల్లో ఉంది. గొట్టం వేయగానే ఏదీ పోయరు. గొట్టంలోంచి కొద్దిగా ద్రవం లాగి ఆమ్లత్వం చూస్తారు, లేదా ఎక్స్‌రే తీసి కొస కడుపులోనే ఉందని రూఢి చేసుకుంటారు. ఒకప్పుడు గొట్టంలోకి గాలి ఊది పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వినేవారు. ఆ పద్ధతి మోసం చేస్తుందని తేలింది. తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు.

ఎంత పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలని సంగతి. కడుపు పనిచేయని రోగికి రక్తనాళం ద్వారానే పూర్తి పోషణ ఇవ్వవచ్చని అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ 1960ల చివర్లో కుక్కపిల్లల మీద నిరూపించాక, కొరతపడిన ప్రతి కేలరీని మొదటి రోజుల నుంచే నింపాలన్న ఉత్సాహం పెరిగింది. 2011లో బెల్జియంలో 4,640 మంది రోగులపై జరిగిన అధ్యయనంలో, రక్తనాళం ద్వారా ఇచ్చే అదనపు పోషణను వారం రోజులు ఆపినవారే త్వరగా కోలుకున్నారు. సరే, కేలరీలు కాదు, మాంసకృత్తులు పెంచుదామన్నారు. సుమారు 1,300 మందిపై జరిగి 2023లో వెలువడిన మరో అధ్యయనంలో, ఎక్కువ మాంసకృత్తులు ఇచ్చినందువల్ల రోగులు ముందుగా ఇంటికి వెళ్లలేదు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కీడే జరిగినట్లు కనిపించింది. కత్‌బర్ట్‌సన్ రోగుల్లో కరిగిపోయిన ఆ కండను ఆపడమెలాగో వెతుకులాట సాగుతూనే ఉంది.