కాలి కట్టు

శ్రామికుని కాళ్లకు యంత్రబల మీయవలెనను కోరిక నేటిది కాదు. 1890లో రష్యాదేశీయుడు నికొలాస్ యాగ్న్ నడకకు, పరుగునకు తోడ్పడు స్ప్రింగుల కట్టునకు అమెరికాలో పేటెంటు పొందెను. 1960ల దశకమున జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ హార్డిమాన్ అను లోహకవచమును నిర్మింపబూనెను. దాని బరువే సుమారు 680 కిలోలు! దానిని మనిషి తొడిగి నడచినదే లేదు.

మన గొల్లపల్లి సీమలో తాళ్లెక్కు గౌడులను చూచినపుడు నాకిది తోచుచుండును. నడుము చుట్టును చెట్టు చుట్టును మోకు, పాదముల నడుమ త్రాటికట్టు. వెనుకకు వ్రాలినకొలది మోకు బిగిసి బరువును తాను మోయును. కట్టు పాదములను మ్రానున కదిమి పట్టును. ఇదియు ధరించు సాధనమే గదా! లోపమొక్కటి. మోకు జారెనా, ఆపునది వేరొకటి లేదు.

ఆ లోపమును తీర్చుటకే 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్రప్రభుత్వము “కాటమయ్య రక్షణ కవచము”ను గీతకార్మికుల కిచ్చుట ప్రారంభించెను. త్రాడు, క్లిప్పు, పిడి, కాలి ఉచ్చు, పట్టీలు: ఇంతియే. మోటారు లేదు, విద్యుత్తు లేదు. కాలు తప్పినను మనిషి నేలబడక చెట్టుననే వ్రేలాడును. మీ యూరి గౌడులకది చేరినదా? చేరినచో కట్టుకొనుచున్నారా, దూలమునకు తగిలించినారా? పెద్దలు విచారింపుడు.