తొమ్మిది మంది నుంచి రెండు వేల కుర్చీలకు

1979 డిసెంబరు. లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో హోప్ అండ్ యాంకర్ అనే పబ్బు. డబ్లిన్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు వాయిస్తున్నారు. గిటారిస్టు చేతికి కట్టు ఉంది. వారం రోజుల కిందటే కారు ప్రమాదంలో దెబ్బ తగిలింది. ఎదురుగా వింటున్నది తొమ్మిది మంది. మధ్యలో గిటారు తీగ తెగింది. ఆ తొమ్మిది మందిలో రికార్డు కంపెనీ తాలూకు మనిషి ఎవరైనా ఉంటే, ఆయన గ్లాసు ఖాళీ చేసి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు.

ఆ కుర్రాళ్ళ బృందం పేరు యూటూ. ఈ పేరు ఇవాళ పరిచయం అక్కర్లేనిదే. కానీ ఆ శీతాకాలంలో ఐర్లండ్ దాటితే వాళ్ళెవరో ఎవరికీ తెలీదు. వాళ్ళ చేతిలో ఉన్నదల్లా మూడు పాటల రికార్డు ఒక్కటి. మొదట వెయ్యి ప్రతులు వేశారు, అదీ ఐర్లండ్‌లో అమ్మకానికే. లండన్ ప్రయాణానికి ఇస్తామన్న డబ్బును ఓ ప్రచురణ సంస్థ చివరి క్షణంలో సగానికి సగం కోసేస్తే, ఇంట్లోవాళ్ళ దగ్గర చేబదులు తీసుకుని పడవెక్కారు.

ఒప్పందం లేకుండానే తిరిగొచ్చారు. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఉన్న ఊళ్ళో మళ్ళీ అవే బార్లు, అవే వారాంతపు సంతలు చూసుకుంటారు. మేనేజరు పాల్ మెక్‌గినెస్, ఈ నలుగురూ అందుకు పూర్తిగా విరుద్ధమైన పని చేశారు. ఐర్లండ్ అంతా తిరిగి కచేరీలు చేసి, ఆఖరున డబ్లిన్ నేషనల్ స్టేడియంలో వాయించాలనుకున్నారు.

స్టేడియం అంటే మైదానం కాదు. సౌత్ సర్క్యులర్ రోడ్డులో 1939లో బాక్సింగ్ కోసమే కట్టిన హాలు. దాదాపు రెండు వేల మంది పడతారు. మామూలు రోజుల్లో రింగు ఉంటుంది, పెద్ద బృందాలొస్తే వేదిక అవుతుంది. 1971లో లెడ్ జెప్పెలిన్ వాయించింది అక్కడే. అలాంటి చోట ఒప్పందం కూడా లేని స్థానిక బృందం సొంతంగా కచేరీ పెట్టుకోవడమంటే, మన ఊరి నాటక సమాజం మొదటి నాటకానికే రవీంద్రభారతి అద్దెకు తీసుకోవడం లాంటిది. టికెట్లు తెగకపోతే పోయేది డబ్బొక్కటే కాదు. ఊరంతా చూస్తుంది.

నిజానికి వాళ్ళ బలం ఊరే. 1976లో మౌంట్ టెంపుల్ స్కూలు నోటీసు బోర్డు మీద, బ్యాండు పెడదాం రమ్మంటూ లారీ ముల్లెన్ ఒక కాగితం అంటించాడు. అప్పటికి అతనికి పద్నాలుగేళ్ళు. అతని ఇంటి వంటగదిలో డ్రమ్ములు పెట్టుకుని మొదటి సమావేశం జరిపారు. ఆడమ్ క్లేటన్‌కి బేస్ గిటారు ఉంది కానీ వాయించడం అంతగా రాదు. వచ్చినవాడిలా మాట్లాడటం మాత్రం బాగా వచ్చు. ఆ మాటల బలంతోనే బృందంలో చేరాడు, కొన్నాళ్ళు దాని వ్యవహారాలూ చూశాడు! గిటారు డేవిడ్ ఎవాన్స్‌ది. స్నేహితులు అతన్ని ‘ది ఎడ్జ్’ అనేవారు. పాటగాడు పాల్ హ్యూసన్, అదే బోనో. పద్నాలుగేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్నవాడు. పోస్టాఫీసు ఉద్యోగి అయిన తండ్రి, పాటలతో ఏం సాధిస్తావో చూసుకోమని ఏడాది గడువిచ్చాడు.

పబ్బుల్లోకి వెళ్ళే వయసు లేని అభిమానుల కోసం డాండెలియన్ మార్కెట్ అనే పాత సంతలో మధ్యాహ్నం పూట వాయించేవారు. టికెట్టు 50 పెన్నీలు. అక్కడ విన్న పిల్లలే తర్వాత ‘హాట్ ప్రెస్’ పత్రిక పాఠకుల ఓటింగులో వాళ్ళని ఐదు విభాగాల్లో మొదటి స్థానంలో నిలబెట్టారు. మెక్‌గినెస్ లెక్కలో ఈ పిల్లలే అసలు పెట్టుబడి అనుకుంటాను నేను. లండన్‌లో తొమ్మిది మంది ముందు ఎంత బాగా వాయించినా ఆ సంగతి కనిపించదు కదా.

1980 ఫిబ్రవరి 26. వాళ్ళ రెండో రికార్డు ‘అనదర్ డే’ విడుదలైందీ ఆ రోజే. హాల్లో ఎటు చూసినా తెలిసిన మొహాలు. ఇంటివాళ్ళు, బడి స్నేహితులు, సంతలో కింద కూర్చుని విన్న పిల్లలు. వేదిక మీద ఉన్న నలుగురిలో ఒక్కరికీ ఇరవై ఏళ్ళు నిండలేదు. ఎడ్జ్ భుజాన ఉన్నది రెండేళ్ళ కిందట న్యూయార్క్‌లో కొనుక్కున్న గిబ్సన్ ఎక్స్‌ప్లోరర్ అయి ఉండాలి. మోగిన స్వరమే ప్రతిధ్వనిగా తిరిగొచ్చే ఒక చిన్న పెట్టె కూడా అతనికి అప్పటికే దొరికింది. మూడు వాయిద్యాలతో అంత పెద్ద హాలు నింపడానికి ఆ ప్రతిధ్వని ఎంత పనికొస్తుందో చెప్పక్కర్లేదు. ఇక బోనో. పద్దెనిమిదో పుట్టినరోజున తట్టిన ఆలోచనల్లోంచి ‘అవుట్ ఆఫ్ కంట్రోల్’ పాట రాసుకున్న కుర్రాడు. గొంతు తడబడినా కళ్ళు మాత్రం ఆఖరి వరసలో కూర్చున్నవాడిని వెతికే రకం.

ఆ రాత్రి ఏదో ఒక కుర్చీలో స్టివార్ట్ అనే ఆయన ఉన్నాడు. బాబ్ మార్లే రికార్డులు వేసిన ఐలండ్ రికార్డ్స్ కంపెనీ మనిషి. కొత్త బృందాల్ని వెతికి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఆయన వేదికని ఎంతసేపు చూశాడో, చుట్టూ ఉన్న కుర్చీల్ని ఎంతసేపు చూశాడో మనకి తెలియదు. నేనైతే కుర్చీల్నే ఎక్కువ చూసేవాణ్ణి. పాట బాగుందో లేదో పక్కవాణ్ణి అడగాలి కానీ, పాటలోని మాటలు రెండు వేల మందికి కంఠతా వస్తే అడగాల్సిన పనేముంది?

కచేరీ అయ్యాక ఒప్పందం చేసుకుందామని చెప్పాడు. నాలుగేళ్ళు, నాలుగు ఆల్బములు. 50,000 పౌండ్లు అడ్వాన్సు, పర్యటనల ఖర్చుకు మరో 50,000. లండన్ వెళ్ళి అడిగితే దొరకనిది, ఇంటికొచ్చి ఇచ్చారు. మొదటి ఆల్బమ్ ‘బాయ్’ ఆ అక్టోబరులోనే వచ్చింది. అదే డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 1985 జూన్‌లో వాళ్ళ ముందు నిలబడినవాళ్ళు 57,000 మంది. 2019 డిసెంబరులో నవీ ముంబైలో ఏ.ఆర్. రెహమాన్‌ని వేదిక మీదకు పిలిచిందీ ఈ నలుగురే. 1976లో ఆ వంటగదికి వచ్చినవాళ్ళే.

సంతకాలు మార్చిలో, లండన్ లైసియం థియేటర్లో కచేరీ ఉన్న రోజున జరిగాయి. తెర వెనక సందడిలో కాగితాలు పరుచుకునే చోటు దొరకలేదు. చివరికి ఆడవాళ్ళ బాత్రూములోకి వెళ్ళి సంతకాలు పెట్టారని చెబుతారు.