ఛెత్రి ఆన్‌సైట్ కథ

ఇంటర్వ్యూ అయిపోయింది. క్లయింటుకి నచ్చాడు. ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. తీరా చూస్తే వీసా రాలేదు. మనలో చాలామందికి ఈ బాధ తెలుసు. నాకూ ఒకసారి జరిగింది, నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సరే, ఇప్పుడు చెప్పబోయేది నా గోల కాదు, సునీల్ ఛెత్రిది.

ఛెత్రి పుట్టింది 1984 ఆగస్టు 3న, మన సికింద్రాబాదులో. వాళ్ళ నాన్నగారు ఆర్మీలో ఈఎంఈ విభాగంలో ఉండేవారు. అమ్మగారు నేపాల్ మహిళల జట్టుకి ఆడిన మనిషి. మనవాడే అని చెప్పుకోడానికి అంతకు మించి ఏమీ లేదు లెండి, పెరిగింది డార్జిలింగు, ఢిల్లీ వగైరా ఊళ్ళలో. 2002లో మోహన్ బగాన్‌లో చేరాడు. 2005 జూన్‌లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద దేశానికి మొదటి మ్యాచ్ ఆడి, అందులోనే గోల్ కొట్టాడు.

2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ జరిగింది హైదరాబాదులో. వానలకి గ్రౌండు పాడైపోతే ఫైనల్ మాత్రం ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్తాన్ మీద ఛెత్రి హ్యాట్రిక్, మనం 4-1తో గెలిచాం. దాంతో 2011 ఆసియా కప్‌లో చోటు దొరికింది. అప్పట్లో నేను గచ్చిబౌలి వైపే ఉద్యోగం చేసేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నా, ఊళ్ళో అలాంటి టోర్నీ ఒకటి జరుగుతోందనే నాకు తెలీదు. మా టీంలో ఎవరికీ తెలీదు. లంచ్‌లో అందరం క్రికెట్ గురించే కొట్టుకునేవాళ్ళం.

2009లో ఇంగ్లాండులో రెండో అంచె క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతనితో మూడేళ్ళకి ఒప్పందం కుదుర్చుకుంది. బ్రిటిష్ ప్రభుత్వం వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. కారణం ఏంటయ్యా అంటే, అప్పటి రూలు ప్రకారం ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాల్సి వచ్చేది. మనమేమో నూట ముప్పైకి అవతల ఎక్కడో ఉన్నాం. అంటే అతని రెజ్యూమె చూళ్ళేదు, అతని కంపెనీ రెజ్యూమె చూశారు! పది మంది సరిగ్గా ఆడకపోతే పదకొండోవాడికి శిక్ష. (1999లో బైచుంగ్ భూటియా ఇంగ్లాండులోనే బరీ అనే క్లబ్బులో చేరి ఆడాడు కాబట్టి తలుపు పూర్తిగా మూసేసి లేదు. కానీ ఛెత్రికి తెరుచుకోలేదు.)

తర్వాత 2010లో అమెరికా వెళ్ళాడు, కాన్సస్ సిటీ విజర్డ్స్‌కి. అక్కడ లీగులో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. మనభాషలో చెప్పాలంటే ఆన్‌సైట్ వెళ్ళి బెంచ్ మీద కూర్చోవడం. 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ పిలిచింది. క్రిస్టియానో రొనాల్డో పెరిగిన క్లబ్బు అది. ఆడించింది మాత్రం బి టీంలో, అదీ మూడు మ్యాచ్‌లు. 2013 ఫిబ్రవరిలో గోవా క్లబ్బు చర్చిల్ బ్రదర్స్‌కి అప్పుగా ఇచ్చేశారు. చర్చిల్ ఆ సీజన్ ఐ-లీగ్ గెలిచింది. ఆ వేసవిలోనే బెంగళూరు ఎఫ్‌సీలో చేరాడు. ఆ కొత్త క్లబ్బు తొలి సీజన్‌లోనే ఛాంపియన్.

విదేశాల్లో ఫెయిలయ్యాడు కదా అని తేల్చేసేవాళ్ళున్నారు. గోల్స్ ఎక్కువగా నేపాల్, మాల్దీవుల లాంటి జట్లమీదే కదా అని కూడా అంటారు. రెండో మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. కానీ 2011లో దోహాలో బహ్రెయిన్ మీద, దక్షిణ కొరియా మీద కూడా కొట్టాడు. ఆ రెండు మ్యాచ్‌లూ మనం ఓడిపోయాం, అది వేరే సంగతి. నా అనుమానమల్లా 2009 గురించే. పాతికేళ్ళ వయసులో, మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఇంగ్లాండులో మూడేళ్ళు రోజూ పోటీ పడి ఉంటే ఎలాంటి ఆటగాడయ్యేవాడు? ఇరవయ్యెనిమిదేళ్ళకి లిస్బన్ వెళ్ళడం దానికి సాటి రాదు.

2018 జూన్‌లో ముంబైలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొట్టాడు. చూసింది 2,569 మంది. అప్పుడు ఓ వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని బతిమాలాడు. దేశం కెప్టెన్! రెండ్రోజుల తర్వాత కెన్యాతో అతని వందో మ్యాచ్‌కి టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి, అతను రెండు గోల్స్ కొట్టాడు. నేను లాప్‌టాప్‌లో చూశాను. ఆ వీడియో చూస్తున్నంతసేపూ 2008 నాటి మా లంచ్ టేబులే గుర్తొచ్చింది.

2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 డ్రా ఆడి రిటైరయ్యాడు. ఖాతాలో 94 గోల్స్. అప్పటికి అంతర్జాతీయ గోల్స్‌లో అతనికంటే ముందున్నది రొనాల్డో, అలీ దాయీ, మెస్సీ మాత్రమే. ఆ ఏడాదంతా మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. చివరికి కోచ్ మనోలో మార్కెజ్, అదే మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ గెలిపించినాయన, నలభయ్యేళ్ళ మనిషిని మళ్ళీ పిలిచాడు. 2025 మార్చి 19న షిల్లాంగులో మాల్దీవుల మీద 3-0తో గెలిచాం. అందులో ఒకటి ఛెత్రిదే, తొంభై అయిదోది.