మన బడిలో వైశాఖి

ఏడో తరగతిలో మాతో పట్కా కట్టుకొచ్చే అబ్బాయి ఒక్కడే ఉండేవాడు. "సెలవులకు పంజాబ్ వెళ్తావారా?" అని అడిగితే "మాది అత్తాపూరే కదరా" అనేవాడు. మేం నమ్మేవాళ్లం కాదు. పన్నెండు గంటల జోకులు వేసి నవ్వేవాళ్లం. అలా నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఏడు ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోగానే సోషల్ సారు క్లాసులో వైశాఖి చేద్దామన్నారు. వాడి వాళ్లమ్మగారు గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో కడా ప్రసాదం చేసి పెద్ద గిన్నె నిండా పంపారు. డోలు దొరక్క బల్లల మీద దరువేశాం. భాంగ్రా అనుకుంటూ తోచినట్టు ఎగిరాం. అలసి కూర్చున్నాక సారు బోర్డు మీద మూడు సంవత్సరాలు రాశారు: 1699, 1832, 1919.

పంజాబులో అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తిన గోధుమ ఏప్రిల్‌కి కోతకొస్తుంది. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే రోజు, అంటే ఏప్రిల్ 13న గానీ 14న గానీ, వైశాఖి. పంట ఇంటికొచ్చిన సంబరం మనకు సంక్రాంతి అయితే వాళ్లకు ఇది.

1699లో ఆ పండుగనాడే ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను స్థాపించారు. తల ఇచ్చేదెవరని ఆయన అడిగితే ఒకరి తర్వాత ఒకరుగా అయిదుగురు లేచారు. వారే పంజ్ ప్యారే. సిక్కు సంప్రదాయం ప్రకారం వారిలో సాహిబ్ సింగ్ బీదర్‌కు చెందిన మంగలి. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న బీదరే అది. 1708లో గురువు కన్నుమూసిన నాందేడ్ కూడా అప్పటిదాకా మన రాష్ట్రంలోదే.

1832 ప్రాంతంలో దివాన్ చందూలాల్ కాలంలో మహారాజా రంజిత్ సింగ్ పంపిన సిక్కు సైనికులు నిజాం రాజ్యానికి వచ్చారు. చాలామంది తిరిగి వెళ్లలేదు. అత్తాపూర్ దగ్గర సిక్కు ఛావనీ వారిదే. మా వాడు ఆ ఇళ్ల బిడ్డే. వాడి కుటుంబం ఈ ఊళ్లో దాదాపు నూట యాభై ఏళ్లుగా ఉంది. మా నాన్నగారు ఉద్యోగం కోసం వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు.

మూడోది 1919 ఏప్రిల్ 13. అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్‌లో చేరిన జనంలో వైశాఖికని పల్లెల నుంచి వచ్చిన వారూ ఉన్నారు. జనరల్ డయ్యర్ సైనికులు సుమారు పది నిమిషాల్లో 1650 తూటాలు కాల్చారు. సర్కారు ఒప్పుకున్న లెక్కే 379 మంది మృతులు. అది చెప్పి సారు సుద్దముక్క కింద పెట్టేశారు. గిన్నెలో ఇంకా ప్రసాదం మిగిలే ఉంది. ఎవరం చెయ్యి చాపలేదు. అప్పుడు వాడే లేచి అందరికీ మళ్లీ పంచాడు.

ఆ తర్వాత మా క్లాసులో ఆ జోకులు వినపడలేదు. కానీ తప్పయిందని వాడితో ఎవరం అనలేదు. ఒరేయ్, ఈ సంచిక నీ చేతికి అందితే, ఆ మాట ఇప్పుడు రాస్తున్నాననుకో. స్వర్ణోత్సవానికి తప్పక రా. ఈసారి ప్రసాదం మా ఇంటి నుంచి తెస్తాను.