మన్ను చెప్పే చరిత్ర – మనిషి మోసే అమానతు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! దివ్యఖుర్ఆన్‌లోని 76వ సూరాకు ‘అద్దహ్ర్’ అనీ, ‘అల్ ఇన్‌సాన్’ అనీ రెండు పేర్లున్నాయి. ఒకటి కాలం, రెండవది మానవుడు. తన పేరే ఎక్కడా వినిపించని సుదీర్ఘకాలం ఒకటి గడిచిపోయిందని ఆ సూరా తొలి ఆయతు మానవునికి గుర్తుచేస్తుంది. ఆ కాలపు ఆనవాళ్లు మన కాళ్ల కిందనే ఉన్నాయి.

రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి గనుల్లో మన సోదరులు తవ్వితీసిన బొగ్గు, 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం ఈ గోదావరి లోయలో పెరిగిన వృక్షసంపదే. ఆ పచ్చదనాన్ని చూడటానికి అప్పుడు మనిషి లేడు. ఆ తర్వాత కోట్ల ఏళ్లకు ప్రాణహిత తీరాన రాక్షసబల్లులు సంచరించాయి. యామన్‌పల్లి వద్ద కనీసం 12 జంతువుల ఎముకలు బయటపడ్డాయి. 1988లో శాస్త్రజ్ఞుడు యాదగిరి ఆ జాతిని ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. దాని అస్థిపంజరం నేడు హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అంతటి దేహబలమూ ఆ జాతిని కాపాడలేకపోయింది.

మరి ఇంత ఆలస్యంగా వచ్చిన మనిషి ఘనత దేనిలో ఉంది? అధికారంలోనా? మానేరు ఒడ్డున ఉన్న ఎలగందల్ కోటను చూడండి. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు దానిని వరుసగా ఏలారు. చివరకు పాలనాకేంద్రం కూడా కరీంనగర్‌కు తరలిపోయింది. కోట గోడలు మిగిలాయి, ఏలినవారు మిగలలేదు.

మన ఘనత మనకు అప్పగించబడిన బాధ్యతలో ఉంది. భూమిపై ఒక ఖలీఫాను నియమించనున్నానని అల్లాహ్ దైవదూతలకు తెలిపిన సందర్భం అల్ బఖరా సూరా (2:30)లో ఉంది. ఖలీఫా అంటే యజమాని కాడు, ప్రతినిధి. భూమ్యాకాశాలు, పర్వతాలు మోయడానికి భయపడి నిరాకరించిన అమానతును మానవుడు స్వీకరించాడని అల్ అహ్‌జాబ్ సూరా (33:72) చెబుతోంది. కోట్ల ఏళ్లపాటు అడవులను, మహాకాయ జంతువులను మోసిన ఈ నేలే ఆ బరువుకు వెనుకాడింది. అలాంటి అమానతును భుజాన పెట్టుకున్న మనం నేలను, నీటిని, పొరుగువాని హక్కును సొంత సొత్తులా వాడుకుంటే రేపు ప్రభువు ముందు ఏమని జవాబిస్తాం?

ప్రళయం ముంచుకొచ్చిన క్షణంలోనైనా చేతిలో మొక్క ఉంటే నాటమని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ఫలితం చూడటం మన వంతు కాదు, నాటడమే మన వంతు.

ఈ అమానతును నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.