ఓల్డ్ ఫర్మ్: సెల్టిక్ - రేంజర్స్ మ్యాచ్ అంటే గ్లాస్గోలో ఎందుకంత టెన్షన్? జెర్సీ రంగు వెనుక మతం, రాజకీయం!

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. ఒకే ఊరు, రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు. సెల్టిక్‌ది ఆకుపచ్చ, రేంజర్స్‌ది నీలం. ఈ రెండూ తలపడితే దాన్ని ‘ఓల్డ్ ఫర్మ్’ మ్యాచ్ అంటారు. 2024-25 సీజన్ ముగిసేసరికి లీగ్ టైటిళ్లు చెరో 55. 1985లో అబర్డీన్ గెలిచాక 2025 దాకా మరో క్లబ్‌కు ఛాన్సే దొరకలేదు. అయితే గ్యాలరీల్లో చూస్తే స్కాట్లాండ్ జెండా కంటే ఐర్లాండ్ త్రివర్ణం, బ్రిటన్ యూనియన్ జాకే ఎక్కువ కనిపిస్తాయి. అసలు గొడవంతా అక్కడే ఉంది.

అన్నం పెట్టడానికి పుట్టిన క్లబ్

1840ల్లో ఐర్లాండ్‌లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. బతుకుతెరువు వెతుక్కుంటూ వేలాది మంది గ్లాస్గో చేరారు. వాళ్లలో ఎక్కువ మంది కాథలిక్కులు. స్థానికులేమో ప్రొటెస్టెంట్లు. తూర్పు గ్లాస్గో పేద పిల్లలకు భోజనం పెట్టేందుకు డబ్బు కావాలని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే ఐరిష్ మత బోధకుడు 1887లో సెల్టిక్‌ను పెట్టించారు. తొలి మ్యాచ్ 1888 మే 28న. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? రేంజర్సే. సెల్టిక్ 5-2తో గెలిచింది. అప్పట్లో రెండు జట్ల మధ్య స్నేహమే తప్ప పగ లేదు.

1872లో కొందరు కుర్రాళ్లు మొదలుపెట్టిన రేంజర్స్‌కు కూడా మొదట్లో మతంతో పని లేదు. ఐరిష్ జట్టు కప్పులు కొడుతుంటే, దాన్ని ఓడించే జట్టు కోసం ప్రొటెస్టెంట్ జనం చూశారు. 1912లో బెల్‌ఫాస్ట్ ఓడల కంపెనీ హార్లాండ్ అండ్ వుల్ఫ్ రేంజర్స్ స్టేడియం దగ్గర్లోని గోవన్‌కు వచ్చింది. దాంతో పాటే అల్‌స్టర్ రాజకీయాలూ దిగాయి. 1923లో ఏకంగా చర్చ్ ఆఫ్ స్కాట్లాండే ఐరిష్ వలసల వల్ల జాతికి ముప్పంటూ నివేదిక ఇచ్చింది. 2002లో గానీ దానికి క్షమాపణ చెప్పలేదు. ఈ గొడవ స్టేడియంలో పుట్టలేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాగితం మీద లేని రూల్

ఇక్కడ రెండు క్లబ్బులనూ ఒకే గాటన కట్టలేం. సెల్టిక్‌లో ప్రొటెస్టెంట్లు మామూలుగానే ఆడారు. 1967లో ఆ క్లబ్‌కు యూరోపియన్ కప్ తెచ్చిపెట్టిన మేనేజర్ జాక్ స్టీన్ ప్రొటెస్టెంటే. రేంజర్స్ మాత్రం దశాబ్దాల పాటు తెలిసి తెలిసి కాథలిక్‌ను తీసుకోలేదు. ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు.

1989లో ఆ గోడ కూలింది. మాజీ సెల్టిక్ స్ట్రైకర్, కాథలిక్ అయిన మో జాన్‌స్టన్ ఫ్రాన్స్ నుంచి తిరిగొస్తున్నాడంటూ మే నెలలో సెల్టిక్ అతడిని తమ జెర్సీతో మీడియా ముందు నిలబెట్టింది. జులైలో చూస్తే రేంజర్స్ మేనేజర్ గ్రేమ్ సూనెస్ పక్కన ఉన్నాడు! రేంజర్స్ ఫ్యాన్స్ కొందరు స్కార్ఫులు తగలబెట్టారు. సెల్టిక్ వాళ్లకైతే అతను ద్రోహి. తర్వాత పరిస్థితి మారింది. 2006లో పాల్ లె గ్వెన్ రేంజర్స్ తొలి కాథలిక్ మేనేజర్ అయ్యారు.

మతం పక్కన పెడితే, ఓ మన ముచ్చట. 1936లో కలకత్తా ఆటగాడు మహ్మద్ సలీం సెల్టిక్ తరఫున కాళ్లకు కట్లు కట్టుకుని, బూట్లు లేకుండానే రెండు మ్యాచ్‌లు ఆడాడు.

పాటలు, పార్సిల్ బాంబులు

క్లబ్బులు మారినా గ్యాలరీలు అంత తొందరగా మారలేదు. రేంజర్స్ వైపు కాథలిక్కులను తిట్టే పాటలు, సెల్టిక్ వైపు ఐఆర్ఏను పొగిడే పాటలు. 1980 స్కాటిష్ కప్ ఫైనల్లో ఫ్యాన్స్ మైదానంలోకి దిగి కొట్టుకున్నారు. ఆ దెబ్బతో స్కాట్లాండ్ స్టేడియాల్లో మద్యం బంద్ అయింది. 1995లో మ్యాచ్ చూసి ఇంటికెళ్తున్న 16 ఏళ్ల సెల్టిక్ అభిమానిని గొంతు కోసి చంపేశారు. అతడి స్నేహితురాలి చొరవతోనే ‘నిల్ బై మౌత్’ అనే సంస్థ పుట్టింది. 2011లో అప్పటి సెల్టిక్ మేనేజర్ నీల్ లెన్నన్‌కు ఏకంగా పార్సిల్ బాంబులే పంపారు. ఈ కేసులో ఇద్దరికి ఐదేళ్ల చొప్పున జైలు పడింది.

ఆ తర్వాత స్కాట్లాండ్ ప్రభుత్వం 2012లో ప్రత్యేక చట్టం తెచ్చింది. ఏ పాట నేరం, ఏది కాదు అన్న దగ్గరే పీటముడి పడింది. ఫ్యాన్స్‌నే టార్గెట్ చేస్తున్నారన్న విమర్శల మధ్య 2018లో పార్లమెంటే దాన్ని రద్దు చేసింది.

ఇప్పుడు జెండాలు ఐర్లాండ్ దగ్గరే ఆగట్లేదు. 2016లో ఇజ్రాయెల్ జట్టుతో మ్యాచ్‌లో సెల్టిక్ ఫ్యాన్స్ పాలస్తీనా జెండాలు ఎగరేశారు. యూఫా ఫైన్ వేసింది. దానికి జవాబుగా అభిమానులు పాలస్తీనా సేవా సంస్థల కోసం లక్షన్నర పౌండ్లకు పైగా చందాలు పోగేశారు.

ఇక టికెట్ల సంగతి. ఒకప్పుడు ఓల్డ్ ఫర్మ్ మ్యాచ్‌కు అవతలి జట్టు అభిమానులకు దాదాపు 7 వేల సీట్లు ఇచ్చేవారు. 2018లో రేంజర్స్ దాన్ని 800కు తగ్గించింది, సెల్టిక్ కూడా అదే చేసింది. తర్వాత కొన్ని మ్యాచ్‌లకైతే ఒక్క సీటూ ఇవ్వలేదు. 2025 జనవరిలో మళ్లీ అవతలి వాళ్లను రానిచ్చారు, అదీ స్టేడియంలో 5 శాతం సీట్ల లెక్కనే.