స్కూటర్ మీద ఎద్దులు, మస్టర్‌లో చనిపోయినవాళ్లు: 1996 చెప్పే రెండు కథలు



ఈమధ్య ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒకటే మాట వినపడుతోంది. "అందరూ దొంగలే. ఎవడొచ్చినా తినేదే. మనమేం చేస్తాం?" రోడ్డు వేసిన ఏడాదికే కంకర పైకి లేచిందంటాం. కాలవలో పూడిక తీయకుండానే బిల్లు ఎత్తేశారంటాం. టెండరు ఎవరికి పోతుందో ముందే తెలుసంటాం. మన కోపం అబద్ధం కాదు. కానీ టీ గ్లాసు కింద పెట్టేలోపే అది చల్లారిపోతోంది. రేపు మళ్లీ అదే మాట, అదే టీ.

అందుకే ఇవాళ పాత సంగతులు రెండు రాస్తున్నాను. రెండూ 1996లో జరిగినవే. ఒకటి బీహార్‌లో, ఒకటి రాజస్థాన్‌లో. ఒకచోట పశువుల దాణా పేరు చెప్పి ఖజానా తోడేశారు. ఇంకోచోట కూలీలు 40 రోజులు రోడ్డు మీద కూర్చుని "మా పనుల బిల్లులు మాకు చూపించండి" అని అడిగారు. మనకి రెండూ అవసరమే. పోస్టు కాస్త పొడవు. గేదెల పని అయ్యాక తీరిగ్గా చదవండి.

మొదటి కథ: కంచే చేను మేసింది

1996 జనవరి 27. చాయిబాసా అనే ఊరు. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది, అప్పట్లో బీహార్. ఆ జిల్లా డిప్యూటీ కమిషనర్ అమిత్ ఖరే పశుసంవర్ధక శాఖ ఆఫీసుల్లో తనిఖీకి వెళ్లారు. శాఖ డబ్బు బడ్జెట్‌ని మించి ఖజానా నుంచి పోతోందని రాష్ట్ర ఆర్థిక శాఖకి అప్పటికే అనుమానం వచ్చింది. అక్కడ దొరికిన కాగితాలతో దాణా కుంభకోణం బయటపడింది.

దోపిడీ ఎలా జరిగిందో చూడండి. ప్రభుత్వ పశువుల ఫారాలకి దాణా, మందులు, పరికరాలు కావాలి. సప్లయర్‌కి ఆర్డరు ఇస్తారు. సరుకు వచ్చిందని ఆఫీసరు సంతకం పెడతాడు. స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది. బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, ట్రెజరీ డబ్బు ఇస్తుంది. పద్ధతి ఇదీ. అక్కడ ఆర్డరు ఉంది, సంతకం ఉంది, రిజిస్టరు ఉంది, బిల్లు ఉంది. సరుకు ఒక్కటే లేదు. లేని దాణాని లేని పశువులు తిన్నాయి. రాని మందులు రాని జబ్బులకి వాడారు.

ఇలా పోయిన సొమ్ము మొత్తం సుమారు 950 కోట్లని లెక్క తేలింది. ఆ అంకె మన బుర్రకి ఎక్కదు, కాబట్టి మన లెక్కలో చూద్దాం. అప్పట్లో మంచి పాడిగేదె పదివేలు అనుకోండి. 950 కోట్లంటే తొమ్మిదిన్నర లక్షల గేదెలు. ఒక పేద రాష్ట్రంలో తొమ్మిదిన్నర లక్షల ఇళ్ల ముందు కట్టాల్సిన గేదెలవి.

ఇందులో మనలాంటివాళ్లు మర్చిపోలేని సంగతి ఒకటుంది. బిల్లుల్లో పశువుల్ని, దాణాని మోసిన బండ్ల నంబర్లు రాశారు కదా, దర్యాప్తు చేసినవాళ్లు ఆ నంబర్లు పట్టుకుని రవాణా ఆఫీసులో వాకబు చేశారు. లారీలు ఉండాల్సిన చోట స్కూటర్లు, మోటార్ సైకిళ్లు తేలాయి! రాంచీలోని డోరండా ట్రెజరీ కేసులో హర్యానా, ఢిల్లీ నుంచి ఎద్దుల్ని తెచ్చినట్టు బిల్లులున్నాయి. ఆ బండి నంబర్లు చూస్తే ద్విచక్ర వాహనాలవి. సంతలో కొన్న ఒక్క ఎద్దుని పక్క ఊరికి తోలుకురావడానికే మనకి తాతలు దిగొస్తారు. వందల మైళ్లు స్కూటర్ మీద ఎద్దు ఎలా వచ్చిందని ఆ బిల్లు పాస్ చేసినవాళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఎవరికీ తెలియకుండా జరిగిందా అంటే, అదీ కాదు. 1985లోనే కేంద్ర ఆడిట్ అధిపతి కాగ్ గా ఉన్న టి.ఎన్. చతుర్వేది బీహార్‌లో నెలవారీ లెక్కలు ఆలస్యంగా వస్తున్నాయని గమనించి అప్పటి ముఖ్యమంత్రికి హెచ్చరిక రాశారు. 1992లో విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ ఒకరు ఈ దోపిడీ మీద నివేదిక ఇచ్చారు. ఆయన్ని ముందు బదిలీ చేశారు, తర్వాత సస్పెండ్ చేశారు. అంటే బయటపడటానికి పదకొండేళ్ల ముందే పొగ వచ్చింది. నిప్పు ఎక్కడుందో చూడాల్సినవాళ్లు చూడలేదు.

తర్వాత కథ మీలో చాలామందికి తెలుసు. 1996 మార్చిలో పట్నా హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ 1997 జూలైలో రాజీనామా చేసి, భార్య రబ్రీ దేవిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. చాయిబాసా ట్రెజరీ నుంచి 37.7 కోట్లు తీసిన కేసులో తీర్పు వచ్చింది 2013 సెప్టెంబర్ 30న. లాలూకి ఐదేళ్ల శిక్ష పడింది, ఎంపీ పదవి పోయింది. అదే కేసులో మరో పార్టీకి చెందిన మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా కూడా దోషిగా తేలారు. డోరండా కేసులో 139.35 కోట్ల మీద తీర్పు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. శిక్షల మీద అప్పీళ్లు ఆ తర్వాత కూడా నడుస్తూనే వచ్చాయి.

1996లో పుట్టిన దూడ మహా అయితే ఇరవై ఏళ్లు బతుకుతుంది. 2013 తీర్పు నాటికి అది ముసలిదైపోయింది. డోరండా తీర్పు నాటికి దాని మనవరాళ్లు పాలిస్తున్నాయి.

బీహార్ జనానికి కోపం రాలేదా? వచ్చింది. కోర్టుకి వెళ్లినవాళ్లున్నారు, ధర్నాలు చేసినవాళ్లున్నారు. కానీ కేసు కోర్టులోకి పోయాక ఊళ్లోవాళ్లకి చూడటం తప్ప పని లేకుండా పోయింది. దొంగతనం పూర్తయ్యాక మొదలయ్యే న్యాయం అలాగే ఉంటుంది.

రెండో కథ: కూలీలు కాగితం అడిగారు

ఇప్పుడు రాజస్థాన్ వెళ్దాం. రాజ్‌సమంద్, పాలీ, అజ్మీర్ జిల్లాలు. మన అనంతపురం, మహబూబ్‌నగర్ లాగా కరువు చూసి చూసి మొద్దుబారిన నేల. అక్కడ జనానికి ఆధారం ప్రభుత్వం పెట్టే కరువు పనులు: చెరువు తవ్వకం, రోడ్డు పని, బడి గోడ. రోజంతా మట్టి మోసినా కనీస కూలి చేతికొచ్చేది కాదు. ఇదేమిటని అడిగితే "మీరు చేసిన పని కొలతల్లో తక్కువొచ్చింది" అనేవాళ్లు. ఆ కొలతలు చూపించమంటే "అది ప్రభుత్వ రహస్యం" అనేవాళ్లు. ఇంగ్లీషువాడు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం ఇంకా ఉందిగా మరి.

1990 మే 1న అక్కడి కూలీలు, చిన్న రైతులు కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టుకున్నారు. ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి వచ్చిన అరుణా రాయ్, ఆమెతో పాటు నిఖిల్ దే, శంకర్ సింగ్ అందులో ఉన్నారు. వాళ్లకి ఒక విషయం తెలిసొచ్చింది. తమ కూలి ఎక్కడ మాయమవుతోందో చెప్పగలిగేవి మస్టరూ, బిల్లూ మాత్రమే. అవి బీరువాలో ఉన్నంతకాలం దొంగ భద్రంగా ఉంటాడు.

1994 డిసెంబర్ 2న పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జనసునవాయి పెట్టారు. అంటే బహిరంగ విచారణ అన్నమాట. ఎలాగో సంపాదించిన రికార్డుల్ని జనం ముందు గట్టిగా చదవడం మొదలుపెట్టారు. అలాంటి విచారణల్లో ఏం బయటపడేదో ఊహించండి. మస్టర్‌లో పేరు పిలిస్తే "ఆయన చనిపోయి ఎన్నేళ్లయింది!" అని జనంలోంచి కేక వచ్చేది. ఇంకో పేరు పిలిస్తే, ఆ మనిషి వలస పోయి ఊళ్లోనే ఉండడు. కాగితంలో పూర్తయిన కట్టడం ఊళ్లో సగం గోడలతో నిలబడి ఉండేది. చదువురాని ముసలమ్మకి ఆడిట్ అంటే ఏంటో తెలియదు. కానీ ఆ గోడకి ఎన్ని బండ్ల రాయి వచ్చిందో తెలుసు, ఎందుకంటే మోసింది ఆవిడే.

ఇక్కడ బీహార్ స్కూటర్లు గుర్తు తెచ్చుకోండి. అక్కడ బిల్లులు పాస్ చేసింది చదువుకున్న ఆఫీసర్లు. ఆ బిల్లుల్ని ఏటేటా ఆ ఊళ్ల పశువుల కాపర్ల ముందు చదివి ఉంటే, "ఆ ఫారంలో అన్ని ఎద్దులు ఎప్పుడున్నాయయ్యా?" అని మొదటి ఏడాదే ఎవరో ఒకరు నవ్వేవాళ్లు. 950 కోట్లు ఒక్క నవ్వుతో ఆగేవని చెప్పను. అంత దూరం పోయేవి కావని మాత్రం నా నమ్మకం.

1995 ఏప్రిల్‌లో రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరాన్ సింగ్ షెకావత్ అసెంబ్లీలో మాటిచ్చారు, పంచాయతీ పనుల కాగితాల నకళ్లు జనానికి ఇస్తామని. ఏడాది గడిచినా ఉత్తర్వు రాలేదు. 1996 ఏప్రిల్ 6న, పార్లమెంటు ఎన్నికల వేళ, బ్యావర్ అనే పట్టణంలో ధర్నాకి కూర్చున్నారు. 40 రోజులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధాన్యం తెచ్చిచ్చారు. పట్టణంలో వ్యాపారులు, కూరగాయలవాళ్లు తోచింది ఇచ్చారు. 1997లో జైపూర్‌లో మళ్లీ 53 రోజులు కూర్చున్నారు. అప్పుడు పంచాయతీ నిబంధనలు మారాయి, నకలు తీసుకునే హక్కు వచ్చింది. 2000లో రాజస్థాన్ సమాచార హక్కు చట్టం చేసింది. 2005 అక్టోబర్ 12 నుంచి దేశమంతటికీ సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది.

బ్యావర్‌లో కూర్చున్నవాళ్లు ఫలానావాణ్ని జైల్లో పెట్టండి అని అడగలేదు. బిల్లు నకలు అడిగారు. ఆ చిన్న కోరికే చట్టమై మన చేతికొచ్చింది.

మన దగ్గరికి వచ్చేసరికి

ఆ పద్ధతి మన నేలకీ వచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరి కుర్రాళ్లే ఇంటింటికీ తిరిగి మస్టర్లు చదివి వినిపించారు. చివర మండలంలో ప్రజావేదిక పెట్టి తేలినవన్నీ చదివారు. 2009లో ఇందుకోసం ప్రత్యేక సొసైటీ కూడా పెట్టారు. తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువే, అది ఒప్పుకోవాలి. అయినా సంతకం పెట్టేవాడికి, ఇది ఊళ్లో చదువుతారన్న భయం ఒకటి పుట్టింది.

మరి మన కాలవ పని, రోడ్డు పని, గోడౌను పని సంగతి? వీటికీ కాగితాలున్నాయి. అడగాల్సినవి ఇవి:

1. ఎస్టిమేట్ నకలు. ఎంత పొడవు, ఎంత లోతు, ఎంత మందం అని అందులో ఉంటుంది.
2. అగ్రిమెంట్ నకలు. కాంట్రాక్టరు ఎవరు, ఎన్నాళ్లలో పూర్తి చేయాలి, పాడైతే ఎన్నేళ్లు బాగుచేయాలి.
3. ఎం.బుక్, అంటే కొలతల పుస్తకం. బిల్లుకి ప్రాణం ఇదే. టేపు పట్టుకుని మనమే సరిచూసుకోవచ్చు.
4. చెల్లించిన బిల్లులు, తేదీలతో సహా. కాలవకి నీళ్లు వదిలాక పూడిక కొలిచినట్టు తేదీ ఉంటే, నీళ్లలో ఎలా కొలిచారని అడగొచ్చు.

సమాచార హక్కు చట్టం కాగితంతో ఆగదు. 2వ సెక్షన్‌లోనే, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. మన ఊళ్లలో ఇది తెలిసినవాళ్లు తక్కువ. 2005లో మన రాష్ట్రంలో వచ్చిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషన్.

కమిషన్‌లో ఏళ్లు పట్టొచ్చు. దేశంలో సమాచారం అడిగినందుకు దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. బీహార్‌లో ఆ ఇన్‌స్పెక్టర్ ఒంటరిగా రాశాడు, సస్పెండ్ అయ్యాడు. రాజస్థాన్‌లో ఊరంతా కూర్చుంది, చట్టం వచ్చింది. అందుకని ఒక్కరే హీరో కావద్దు. ఒకే పని మీద పది మంది పది దరఖాస్తులు వేయండి. వచ్చిన కాగితాన్ని జేబులో దాచుకోవద్దు, బేరానికి వాడుకోవద్దు. గ్రామసభలో నలుగురి ముందు గట్టిగా చదవండి. మన పార్టీ కాంట్రాక్టరైతే ఒకలా, ఎదుటి పార్టీవాడైతే ఇంకోలా చదివితే మాత్రం ఊరు మనల్ని నమ్మదు. చాయిబాసా తీర్పులో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారని మర్చిపోవద్దు.

పాలకేంద్రంలో వెన్న శాతం ఒక పాయింట్ తగ్గితే మనం స్లిప్పు అడుగుతాం. పత్తి తూకంలో కిలో తేడా వస్తే కాటా దగ్గర నిలదీస్తాం. అదే నోటితో కాలవ కొలత అడగడమే ఇక మిగిలిన పని. ఈ ఎండాకాలం మీ కాలవలో పూడిక పని మొదలయ్యే రోజున, బిల్లు పోకముందే, ఒక టేపు, ఒక తెల్లకాగితం పట్టుకుని పది మంది గట్టు మీదకి వెళ్లండి.